మచ్చుపడవ

అయినా, ఆ కాయలు ఏరుకోవడం దేనికి? ఎటునుంచి బయల్దేరినా నా ఆలోచన వచ్చి వచ్చి అక్కడే చతికిలబడుతుంది. చెట్టు పడిపోతోంది. నలుగురు మనుషులు మోకులు పట్టి లాగుతున్నారు. తప్పుకోండి, తప్పుకోండి అని నేను గొంతు చించుకుంటున్నాను. మా ఆవిడ పైడమ్మ మాత్రం అల్లంత దూరంలో వంగి, రాలిన పొన్నకాయలు ఒక్కొక్కటీ ఏరి కొంగులో వేసుకుంటోంది. ముఖంలో కోపం లేదు. ఏడుపూ లేదు. వాటిలో సగం పచ్చికాయలు. పచ్చికాయ ఎంత ఎండబెట్టినా నూనె రాదని నాకంటే ఆవిడకే బాగా తెలుసు. అయినా ఏరుతోంది.

ఆ వేళ నాకది పిసినారితనంలా కనపడింది. మొగుడి బతుకు మళ్ళీ లేచి నిలబడుతూంటే దీనికి దీపం నూనె గొడవ, అనుకున్నాను. నవ్వుకున్నాను కూడా. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

ఇది ధవళేశ్వరం ఆనకట్ట లేచిన మూడో వేసవో, నాలుగో వేసవో. మా ఊరు బెండమూర్లంక. వైనతేయ పాయ సముద్రంలో కలిసే చోటు. పెద్ద ఉప్పెనకి ముందు మా రేవు ఇసకలో ఓడలు కట్టేవాళ్ళం. మా తాత కట్టేడు, మా నాన్న కట్టేడు, నేనూ కట్టేను. ఉప్పెన వచ్చి కట్టినవీ కడుతున్నవీ తేడా లేకుండా ఎత్తుకుపోయింది. ఓడగలవాళ్ళు మళ్ళీ చెయ్యి పెట్టలేదు. తరవాత ఆనకట్ట వచ్చింది. వేసవిలో పాయలో నీళ్ళు పల్చబడ్డాయి, సముద్రపు మొగలో ఇసక మేట వేసింది. పైన గన్నవరం దగ్గర ఏకంగా నది నెత్తిమీంచి కాలవని దాటించే వంతెన కడుతున్నారన్నారు. నేను నాగళ్ళు చేసేను, మంచాలు చేసేను, గానుగలకి రోకళ్ళు చేసేను. ఎవరేనా పోతే పాడెకి వెదుళ్ళు చీల్చిపెట్టేను. ఏ పనీ లేనప్పుడు అరుగు మీద గోడ వైపు తిరిగి కూర్చునేవాణ్ణి. నది వైపు కూర్చుంటే కళ్ళకి ఎండ కొడుతుందనేవాణ్ణి, ఎవరేనా అడిగితే.

మా అబ్బాయి నూకయ్య గన్నవరం వంతెన పనిలో కుదిరేడు. కాలవ లాకుల తలుపులకి కొయ్యపని. నెలకోసారి వచ్చేవాడు. వాడు వచ్చినప్పుడు నేను తిండి త్వరగా ముగించుకునేవాణ్ణి.

మచ్చుపడవ సంగతి చెప్పాలి. మా వాళ్ళు ఏ ఓడ కట్టినా ముందు దాని మచ్చు చేస్తారు. మూరకి అంగుళం లెక్క. అసలు ఓడలో మూర ఉన్నచోట మచ్చులో అంగుళం. పలకలు, పక్కటెముకలు, చుక్కాని, తెరచాప కొయ్యలు, అన్నీ. దాన్ని నీళ్ళలో పెట్టి, బరువు ఎక్కించి, ఒరుగుతుందో నిలుస్తుందో చూసుకుని అప్పుడు ఓడ మొదలెడతారు. దీనికి రెండు కట్టుబాట్లున్నాయి. ఓడ అడుగున తల నుంచి తోక దాకా పోయే దూలాన్ని వెన్ను అంటాం. ఓడ వెన్నుకి ఏ చెట్టు కొడతామో, మచ్చు వెన్ను కూడా ఆ చెట్టు చేవలోంచే తియ్యాలి. అంటే ముందు చెట్టు పడాలి. రెండోది, మచ్చు వెనకవైపు అమరంలో ఒక్క చీల కొట్టకుండా కన్నం వదిలెయ్యాలి. ఓడ వెన్ను ఇసక మీద పెట్టిన రోజున ఆ చీల ఓడగలాయన చేత్తో కొట్టించాలి. అప్పటిదాకా మచ్చుపడవ పూర్తికానట్టే. అందుకని మాలో ఎవరేనా మచ్చుపడవ చెయ్యమన్నారంటే ఓడ కడుతున్నారనే. వేరే అర్థం మా తాత ఎరగడు, మా నాన్న ఎరగడు, నేనెరగను.

ఫాల్గుణంలో ఓ పొద్దున్న సుబ్బరాజుగారు మా ఇంటికి వచ్చేరు. ఒకప్పుడు నాలుగు ఓడలున్న మనిషి. గొడుగు ముడిచి అరుగు మీద పెట్టి, తుండుగుడ్డతో మెడ తుడుచుకున్నారు.

"అప్పన్నా, చేతులింకా ఆడుతున్నాయా?"

"ఆయ్. తిండికి ఆడుతున్నాయండి."

"ఓ మచ్చుపడవ కావాలయ్యా."

ఆ మాట నాకు వెంటనే వినపడలేదు. చెవిలో పడి, లోపలికి దిగడానికి చోటు వెతుక్కుంటున్నట్టుగా ఉండిపోయింది. నేనాయన ముఖంలోకి చూడకుండా గొడుగు కేసి చూసేను. గొడుగు కర్రకి చెదలు పట్టి ఉంది.

"ఎన్ని మూరలండి?"

"నీ ఇష్టం. మన వెనకటివాటి లెక్కనే చెయ్యి."

"నలభై మూరలంటే నలభై అంగుళాలవుతుందండి. కొయ్యలు రెండా, మూడా?"

"మూడు పెట్టు. చూడ్డానికి బాగుంటుంది."

"ఎప్పటికండి?"

"నదికి వరద ఎర్రనీళ్ళు వచ్చేలోగా అయితే చాలు."

పైడమ్మ మజ్జిగ తెచ్చింది. ఆయన తాగి, చెంబు కింద పెట్టి, "వెళ్ళొస్తానమ్మా" అన్నారు, ఆవిడతో. నాతో కాదు. ఆవిడ తలవంచుకుంది.

ఓడ కడతానని ఆయన అనలేదు. ఆ వేళ జరిగిన మాటలన్నీ ఎన్నోసార్లు ముందు నుంచి వెనక్కీ వెనక నుంచి ముందుకీ తిప్పి చూసుకున్నాను. అనలేదు. ఓడ కడుతున్నారాండీ అని నేనూ అడగలేదు. అడగాల్సిన పనిలేదు కదా అని ఊరుకున్నాననే చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడంత గట్టిగా చెప్పలేను. చూడ్డానికి బాగుంటుంది అన్న మాట దగ్గర నాలో ఏదో ఒకసారి కదిలింది. దాన్ని నేనే నొక్కి కూర్చోబెట్టేను.

మర్నాడు అటక మీంచి పెట్టె దింపేను. ఉలులకి తుప్పు పట్టింది. సన్నవాటి పిడులు ఎలకలు కొరికేసేయి. చిన్న బాడిస పిడి ఊడి ఉంది. అన్నిటికీ పొన్ననూనె రాసి, ఇసకతో తోమి, సాన పట్టేను. ఆఖరికి పెట్టె అడుగున కొలబద్ద దొరికింది. నా బొటనవేలి వెడల్పే నా అంగుళం. పని నేర్చుకున్న కొత్తలో మా నాన్న నా వేలు ఆనించి దాని మీద గీతలు కోసేడు. ఇప్పుడు ఆ గీతల మధ్య నా వేలు పెట్టి చూసుకుంటే పట్టలేదు. ముసలి కణుపు, బాగా లావెక్కింది. నా కొలతకి నేనే సరిపోలేదు. కాసేపు అలా కూర్చుని, వేలు తీసేసి, బద్దనే నమ్ముకున్నాను.

మొదటి నాలుగు రోజులూ చెయ్యి నా మాట వినలేదు. ఉలి ఎక్కడ ఆగాలో బుర్రకి తెలుస్తోంది, చేతికి తెలియడం లేదు. ఎన్ని పక్కటెముకలు విరిచేనో. విరిగినవన్నీ పొయ్యిలో వెయ్యమని పైడమ్మ ముందు పోసేను. ఆవిడ వాటిని పొయ్యిలో వెయ్యకుండా ఓ చేటలో పోసి పక్కన పెట్టింది. అయిదో రోజున చెయ్యి బుర్రని దాటిపోయింది. అప్పుడు చెప్పలేని సుఖం. చేతివేళ్ళ కొసలు వేరే మనిషివి అయిపోయినట్టు, ఆ మనిషి నాకంటే కుర్రవాడైనట్టు.

ఇంక వెన్ను కావాలి.

మా దొడ్లో నది వైపు పొన్న చెట్టు ఉండేది. పొన్న తిన్నగా పెరగడం అరుదు. ఏదో ఓ వంపు తిరుగుతుంది. మా నాన్న అది మొక్కగా ఉన్నప్పుడే పక్కన వెదురు పాతి, ఏటా కట్లు మారుస్తూ, నిటారుగా పెంచేడు. వెన్నుదూలానికని. మా అమ్మ పోతూ పోతూ ఆ చెట్టుని పైడమ్మకి అప్పగించింది. ఆ కాయల నూనెతోనే మా ఇంట్లో దీపం వెలిగేది. మిగిలితే చుట్టుపక్కల ఇళ్ళలో కూడా. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆవిడ దాని కిందే కూర్చుని పప్పు ఆరబెట్టుకునేది. ఆ చెట్టు ఆవిడదంటే ఆవిడదే. మా నాన్నదంటే మా నాన్నదే.

"ఏమే, రేపు పొన్న కొట్టిస్తున్నాను," అన్నాను అన్నం తింటూ.

ఆవిడ చేతిలో గరిట ఆగింది. "మచ్చుపడవకి చెట్టెందుకయ్యా? అటక మీద టేకుముక్కలున్నాయి కదా."

"టేకుముక్క మీద ఓడ కట్టమంటావా?"

"ముందు బొమ్మ కానీ. ఓడ సంగతి ఓడప్పుడు చూసుకోవచ్చు."

"బొమ్మేమిటే, బొమ్మ? ఇన్నేళ్ళు కాపురం చేసి నేర్చుకున్నది ఇదా?"

"నాకేం తెలుసయ్యా, నూనె గానుగదాన్ని," అంది. తరవాత గొంతు తగ్గించి, "పోనీ సుబ్బరాజుగారిని మరోసారి అడిగి రారాదూ?"

"ఏమని?"

ఆవిడ పులుసుగిన్నెలో గరిట తిప్పింది.

"ఏమని అడగమంటావు? చెప్పు."

నా చేతిలో ముద్ద అలాగే ఉంది. ఆవిడ నా ముఖం చూసింది. అంత తేరిపార చూడ్డం ఆవిడకి అలవాటు లేదు. నా ముఖంలో ఏం కనపడిందో నాకు తెలీదు. అద్దం చూసుకునే మనిషిని కాను.

"ఏమీలేదు. కొట్టించుకో," అని, ఇంకో గరిటెడు పులుసు పోసింది.

మర్నాడే కొట్టించేను. ఊళ్ళో సగంమంది వచ్చేరు. రేవులో బల్లకట్టు నడిపే అబ్బులు మోకు పట్టుకున్నాడు.

"మేస్త్రీగారూ, ఓడ కట్టేక నన్ను సరంగుని చేస్తారేంటండి?"

"నీకు తెడ్డే ఎక్కువరా."

"అలాక్కాదండీ. రంగం వెళ్ళి ఓ బర్మా పెళ్ళాన్ని తెచ్చుకుంటాను."

"ఉన్న పెళ్ళాం ఏమంటుంది?"

"అనడం ఏంటండీ, ఆ తెడ్డుతోటే కొడుతుంది."

అందరూ నవ్వేరు. నేను అందరికంటే గట్టిగా నవ్వేను. మోకులు బిగిసేయి. వేళ్ళు తెగుతున్న చప్పుడు కాళ్ళకింద వినపడింది. చెట్టు నది వైపు ఒరిగి, ఒక క్షణం గాలిలో ఆగినట్టు ఆగి, పడింది. దొడ్డంతా ఒక్కసారి ఎండ. ఆ ఎండలో పైడమ్మ కాయలు ఏరుకుంటోంది.

మాను చేవలోంచి వేలెడు మందాన ఒక బద్ద తీసుకున్నాను. మచ్చుకి అంతే కావాలి. మిగతా మాను మీద తాటాకులు కప్పించేను, ఎండకి పగలకుండా. రోజూ పొద్దున్నే లేచి, పని మొదలుపెట్టే ముందు, ఆ తాటాకులు ఎత్తి ఓసారి మాను తడిమి వచ్చేవాణ్ణి. బాలింతరాలు ఉయ్యాల్లోకి తొంగిచూస్తుంది చూడండి, అలాగ.

వైశాఖం సగమయ్యేసరికి పడవ తయారయింది. కొబ్బరిపీచు సన్నగా తీసి పలకల సందుల్లో కుక్కి, గుగ్గిలం కాచి పోసేను. పాత చీర చింపి తెరచాపలు కుట్టమంటే పైడమ్మే కుట్టింది. అమరంలో ఆఖరి కన్నం తొలిచి, దానికి సరిపడే చీల చెక్కి, కొట్టకుండా చూరులో గుచ్చేను.

నీళ్ళలో పెట్టే రోజు పాటు వేళ చూసుకుని రేవుకి తీసికెళ్ళేను. నీరు తీసేక ఒడ్డున ఓ మడుగు మిగులుతుంది. ఆ కన్నంలో ఇంత మైనం అద్ది పడవని మడుగులో వదిలేను. తేలింది. తేలుతుందని తెలుసు, అయినా వంగి నాలుగు వైపులా చూసేను. పైడమ్మ చిన్న గుడ్డమూటల్లో వడ్లు కట్టి తెచ్చింది. ఒక్కో మూటా నా చేతికి అందిస్తోంది, నేను లోపల సర్దుతున్నాను. ముక్కు వైపు రెండు, నడుమ నాలుగు. పడవ ఒక్క వెంట్రుకవాసి పక్కకి ఒరగలేదు. అలా సమంగా, బుద్ధిగా, గీత గీసినట్టు దిగింది.

"ఎలా ఉందే?" అన్నాను.

"బాగుంది," అంది. కళ్ళు తుడుచుకుంది. "చాలా బాగుంది. ఇంక తీసెయ్యి, తడిసిపోతుంది."

ఓడ కట్టేవాడి పెళ్ళాం పడవ తడిసిపోతుందంటుందా? ఆ మాట కూడా నాకు తట్టలేదు. ఆఖరికి దీనికీ నమ్మకం కలిగింది, అందుకే ఏడుస్తోంది అనుకున్నాను. ఇంటికొస్తూ దారిలో ఆవిడకి నా లెక్కలు చెప్పేను. నూకయ్యని ఆ కాలవపని మానిపించెయ్యాలి. సుబ్బరాజుగారు వెన్ను పెట్టడానికి మంచిరోజు చూస్తారు. తాళ్ళరేవు ఓడపనివాళ్ళని ఇద్దర్ని తెప్పించుకోవాలి. ఆవిడ ఊఁ కొడుతూ నడిచింది. ఊఁ కొట్టడం ఒక్కచోట కూడా తప్పలేదు.

జ్యేష్ఠం మొదట్లో నూకయ్య వచ్చేడు. నేను దొడ్లోనే ఉన్నాను. వాడు వెనకదారిన వచ్చి, వేప కొమ్మ విరుచుకోబోతున్నవాడల్లా ఆగిపోయేడు.

"పొన్నేదీ?"

నేను తాటాకులు ఎత్తి చూపించేను. గర్వంగానే చూపించేను.

వాడు మాను కేసి చూడలేదు. వంటింటి గుమ్మం వైపు చూసేడు. అక్కడ వాళ్ళమ్మ నిలబడి ఉంది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. చాలా కొద్దిగా. ఈగని తోలుకున్నంత.

అంతే. అంతకంటే ఏమీ జరగలేదు. నేను తాటాకుని మళ్ళీ జాగ్రత్తగా కప్పేను. చివర గాలికి ఎగరకుండా రాయి పెట్టేను. కాళ్ళు కడుక్కున్నాను. లోపలికి వచ్చి కూర్చున్నాక అడిగేను.

"ఎవరికిరా ఆ పడవ?"

వాడు నేలకేసి చూస్తూ చెప్పేడు. వంతెన పని చూసే దొరల్లో ఒకాయన వానాకాలం ఓడకి సొంత దేశం వెళ్ళిపోతున్నాడట. ఇక్కడి ఓడ బొమ్మ ఒకటి ఇంట్లో బల్ల మీద పెట్టుకోవాలని ముచ్చటపడ్డాడట. మా నాన్న చేస్తాడండి అన్నాడట వీడు. దొర కోసం బొమ్మ చెయ్యమంటే నేను బాడిస పెట్టి కొడతానని, తమకే కావాలన్నట్టు అడగమని సుబ్బరాజుగారి కాళ్ళు పట్టుకున్నాడట.

"అమ్మే చెప్పింది," అన్నాడు. "మీరలా గోడవైపు తిరిగి కూర్చుంటున్నారని. చేతికేదేనా పనుంటే..."

"అమ్మ చెప్పిందా?"

"చెట్టు కొడతారని నాకేం తెలుసు నాన్నా? ఇంతదానికి ఇంత ముక్క చాలు కదా."

"వెన్ను కొట్టిన చెట్టులోంచే మచ్చు వెన్ను తియ్యాలి."

"నాకెవరు చెప్పేరు?" అన్నాడు. ఎదురు తిరిగినట్టు కాదు. నిజంగానే అడిగేడు. ఆఖరి ఓడ కట్టేటప్పటికి వాడు ఇసకలో పాకుతున్నాడు. తరవాత కట్టిందీ లేదు, చెప్పిందీ లేదు.

"మంచిది," అన్నాను. "దొరగారికి ఏం రంగు వెయ్యాలో కనుక్కో. వాళ్ళావిడకి ఏ రంగంటే ఇష్టమో."

వాడు ముఖం తిప్పుకున్నాడు. వాణ్ణి నొప్పించగలిగేనని నాకొక చిన్న సంతోషం కలిగింది. చాలా చిన్నది, చేదుగా, నాలిక మీద చాలాసేపు నిలిచేది.

సాయంత్రం సుబ్బరాజుగారింటికి వెళ్ళేను. ఆయన ఉయ్యాలబల్ల మీద ఉన్నారు. నన్ను చూడగానే కాళ్ళు నేలకి ఆనించి ఉయ్యాల ఆపేరు.

"ఓడ కడతానని నేననలేదయ్యా, అప్పన్నా."

"ఆయ్. అనలేదండి."

"మీవాడు వచ్చి కాళ్ళావేళ్ళా పడ్డాడు. నువ్వు చెట్టు కొడతావని నేనేమైనా కలగన్నానా?"

"తమరికి తెలుసండి. వెనక నాలుగు ఓడలకీ చెట్టు చూడ్డానికి తమరే వచ్చేవారు. ఆఖరిదానికి గొడ్డలి మొదటి దెబ్బ తమచేతే వేయించేను."

ఆయన ఉయ్యాల గొలుసు పట్టుకున్నారు. "మర్చిపోయేనయ్యా," అన్నారు.

అది అబద్ధమైతే ఆయన మీద పగ పెట్టుకోవచ్చు. ముఖం చూస్తే నిజంగానే మర్చిపోయినట్టున్నారు. నాలుగు ఓడలవాడు, గొడ్డలి పట్టిన చేత్తో ఉయ్యాల గొలుసు పట్టుకుని, మర్చిపోయేడు. నాకిక అక్కడ నిలబడబుద్ధి కాలేదు.

మానుని ఏం చెయ్యాలన్నది మిగిలింది. నూకయ్య వెళ్ళేముందు, గుమ్మంలో నిలబడి, లాకు తలుపులకి గట్టి కొయ్య కావాలంటున్నారన్నాడు. ఊరికే పగిలిపోయేదానికంటే, అన్నాడు. తీసుకుపో, అన్నాను. నది నెత్తిమీద వెళ్ళే కాలవకి మా నాన్న వెన్నుదూలం తలుపు. వినడానికి ఎంత బాగుందో అనుకున్నాను. ఎడ్లు కట్టి మానుని రేవుకి లాగించేరు. అబ్బులు దాన్ని బల్లకట్టు పక్కన కట్టుకుని, పోటు ఎక్కుతుండగా ఎగువకి బయల్దేరేడు. ఆ రోజు అబ్బులు హాస్యాలేవీ ఆడలేదు. దానికి మాత్రం వాడి మీద నాకు కోపం వచ్చింది. ఊరందరికీ తెలిసిపోయిందన్నమాట.

తరవాత నేను పైడమ్మతో మాటాడ్డం మానేసేను. కావాలని కాదు. నోరు తెరిస్తే ఏం వస్తుందో నాకు తెలీక. ఆవిడా పలకరించలేదు. అన్నం పెట్టేది, నేను తినేవాణ్ణి. దొడ్లో చెట్టున్నచోట గొయ్యి, దాని చుట్టూ తెగిన వేళ్ళు. ఆ ఎండలోనే ఆవిడ చాప వేసుకుని, నెత్తిన కొంగు కప్పుకుని, ఎండిన కాయలు రాయి మీద పెట్టి పగలగొట్టుకునేది. టక్, టక్. రోజంతా. నేను అరుగు మీద గోడవైపు తిరిగి ఆ చప్పుడు వినేవాణ్ణి.

పడవ నా పక్కనే ఉండేది, గుడ్డ కప్పి. చూడకూడదనుకునేవాణ్ణి. అయినా రోజుకోసారేనా గుడ్డ తీసేవాణ్ణి. ఆ పాడు వస్తువు చాలా బాగా వచ్చింది. ఉప్పెనకి ముందు చేసిన వాటన్నిటికంటే బాగా వచ్చింది. అది బొమ్మ కనుకే అంత బాగా వచ్చిందేమో అనిపించినప్పుడు దాన్ని నేలకేసి కొట్టాలనిపించేది. కొట్టలేదు. ఒక పని చెయ్యాలనుకున్నాను. ఆ చీల కొట్టకుండానే ఇచ్చేస్తాను. కన్నంతోనే సముద్రం దాటి దొర బల్ల మీద కూర్చుంటుంది. చూసినవాళ్ళు మెచ్చుకుంటారు, అది పూర్తికాలేదని ఒక్కడికీ తెలీదు. నాకు తెలుస్తుంది, నేను చెబితే నూకయ్యకి తెలుస్తుంది, పైడమ్మకి తెలుస్తుంది. వాళ్ళు బతికినన్నాళ్ళూ ఆ కన్నం వాళ్ళ కళ్ళలో ఉండాలి. ఈ ఆలోచనతో చాలా రోజులు కడుపు నింపుకున్నాను.

ఆషాఢం వచ్చింది. మబ్బులు పట్టేయి. నదికి ఎర్రనీళ్ళు తగిలేయి. నూకయ్య అమావాస్య వెళ్ళేక పడవ కోసం వస్తానని కబురంపేడు. ఆ మధ్యాహ్నం పెద్ద చినుకులు మొదలయ్యేసరికి పైడమ్మ చాపని కాయలతో సహా ఈడ్చుకుంటూ అరుగు మీదకి వచ్చింది. నాకు మూరెడు దూరంలో కూర్చుంది. చోటు లేక. రాయి పెట్టుకుని మళ్ళీ మొదలెట్టింది. ఓ కాయ పగలగొట్టింది. లోపల పప్పు లేదు, పచ్చిది ఎండిపోయి పొట్టు మిగిలింది. పక్కన పారేసింది. మరోటి. అదీ అంతే. మరోటి.

"అవి పనికిరావు కదా," అన్నాను. అన్ని రోజుల తరవాత నా నోట్లోంచి వచ్చిన మాట అదీ.

"తెలుసు."

"మరి దేనికి ఏరేవు?"

ఆవిడ ఇంకోటి రాయి మీద పెట్టి కొట్టింది. నేనా చేతులకేసి చూసేను. నూనె జిడ్డుతో నల్లబడ్డ వేళ్ళు, ఒక్క నిమిషం ఊరుకోకుండా. నోరు మూసుకుని ఉండాలంటే చేతులకి ఏదో ఒకటి ఉండాలి. ఆ సంగతి నాకంటే ఎవరికి ఎక్కువ తెలుసు?

"చెప్పొచ్చు కదా," అన్నాను. "ఆ రాత్రి అన్నం తినేటప్పుడేనా."

"చెబితే?"

"చెట్టుండేది."

"ఉండేది." కాయ కొట్టింది. "నువ్వు మళ్ళీ ఇదిగో, ఈ గోడ వైపు తిరిగి కూర్చునేవాడివి. దాని నీడన నేనొక్కదాన్నీ కూర్చునేదాన్ని."

"ఇప్పుడు మాత్రం ఎటు కూర్చున్నాను?"

"ఇప్పుడంటే ఇప్పుడు. రెండున్నర నెలలు కూర్చోలేదు కదా." పొట్టు ఊదేసింది. "ఆ రెండున్నర నెలలూ నేను చూసుకున్నాను."

వాన పెద్దదయింది. చూరు నీళ్ళు మా ఇద్దరి ముందూ కారుతున్నాయి. నాకావిడ మీద కోపం పోలేదు. ఇప్పటికీ పోలేదు. నా బతుకుని నాకు చెప్పకుండా తూచిన మనిషి. ఒక తట్టలో చెట్టు, ఒక తట్టలో నేను. తూచి నన్ను తీసుకుంది. అంత పెద్ద బేరంలో తనకేం మిగిలిందని అడిగితే చెప్పడానికి ఆ పొట్టుకాయలు తప్ప ఏమీ లేవు.

నేను లేచేను. చూరులో చెయ్యి పెట్టి వెతికి చీల తీసేను. చెమ్మకి కొద్దిగా ఉబ్బింది, అయినా పడుతుంది. పడవ మీద గుడ్డ తీసి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని, కొయ్యసుత్తి కోసం చెయ్యి చాచేను. కన్నంలో మైనం గోటితో తీసేసి చీల కొస ఆనించేను. తరవాత ఆగేను.

"ఇదిగో," అన్నాను.

"ఏంటి?"

"కొట్టు."

ఆవిడ కాయ పట్టుకున్న చెయ్యి అలాగే ఉంచి నాకేసి చూసింది. "నేనెందుకు? ఓడగలవాళ్ళు కదయ్యా కొట్టేది."

"చెట్టెవరిది?"

ఆవిడ కొంగుతో చేతుల జిడ్డు తుడుచుకుంది. ఒకసారి తుడిచింది చాలక మళ్ళీ తుడుచుకుంది. నేను పడవని కదలకుండా మోకాళ్ళ మధ్య బిగించి, సుత్తి పిడి ఆవిడ వైపుకి తిప్పి పట్టుకున్నాను.